అత్తరు సీసాకు నిక్కరు

ఈరోజు పొద్దున నేను ఒక మనిషి పనిని పదిమందిలో ఎగతాళి చేశాను. అతను నా దగ్గర పని నేర్చుకున్నవాడే. అతని పని సరైనదే. నేనే చూడకుండా మాట్లాడాను. ఆ సంగతి మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నప్పుడు తెలిసింది. సాయంత్రం ఇంటికి తిరిగి వచ్చి, చేతులు కడుక్కుని, ఇది రాయడం మొదలుపెట్టాను. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఎప్పటినుంచో ఏదో రాయాలనుకుంటున్నాను. నా గొప్పలతో మొదలుపెడదామనుకున్నాను కానీ, ఈరోజు తర్వాత అది కుదరదు.

నా పేరు యేసురత్నం. మాది కోనసీమ. ఉద్యోగం నుంచి దిగిపోయి రెండేళ్ళయింది. ఇప్పుడు నేనూ మా ఆవిడా ఖతర్‌లో, అల్ వుకైర్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి విజిట్ వీసా మీద వచ్చాం. పాతికేళ్ళకు పైగా చాకిరీ చేసిన దేశానికి చుట్టపుచూపుగా రావడం ఒక వింత. ఎయిర్‌పోర్టులో కౌంటర్ దగ్గర కుర్రాడు "మొదటిసారా?" అని అడిగాడు. వాడు పుట్టకముందే నేను ఇక్కడ ఇత్తడి కరగబెట్టాను.

నేను చేసిన పని

మ్యూజియంలో గాజు పెట్టె లోపల ఒక పాత సీసా నిలబడి ఉంటుంది. మీరు సీసాను చూస్తారు. అది పడిపోకుండా వెనకనుంచో కిందనుంచో పట్టుకున్న సన్నటి ఇత్తడి తీగను చూడరు. ఆ తీగ చేసేవాణ్ణి నేను. మా భాషలో దాన్ని మౌంట్ అంటారు. నేను పనిచేసింది ఒక పెద్ద ఖతరీ కుటుంబం సొంత సేకరణకు. ప్రపంచం నలుమూలల నుంచి వాళ్ళు కొన్న పాత వస్తువులకు నేను కాళ్ళూ చేతులూ చేసిపెట్టాను.

ఎక్కువగా ప్రాచీన ఈజిప్టు గాజు సీసాలు. మా సండే స్కూల్లో ఫరో అంటే విలన్. ఇశ్రాయేలు వాళ్ళచేత ఇటుకలు చేయించిన దుర్మార్గుడు. ఆయన ఇంటి ఆడవాళ్ళు అత్తరు, కాటుక పోసుకున్న సీసాలను దూది మీద పెట్టి మోసే ఉద్యోగం నాకు వస్తుందని మా పాస్టరుగారు కలలోనైనా అనుకుని ఉండరు. మూడు వేల ఏళ్ళ పైబడిన వస్తువంటే అందరూ గొంతు తగ్గిస్తారు. నిజానికి అవి డ్రెస్సింగ్ టేబుల్ సామాను. ముదురు నీలం ఒంటి మీద పసుపు, తెలుపు, లేతనీలం వంకుల గీతలు. మా ఆవిడ మొదటిసారి చూసి, "ఇది నా పోచంపల్లి చీర అంచేగా" అంది. అంతకంటే మంచి వర్ణన ఏ పండితుడూ చెప్పలేదు.

కురియన్ చేట్టన్, గొర్రెల పేడ

నేను ఈ దేశం వచ్చింది ఐటీఐ ఫిట్టర్‌గా. ఇండస్ట్రియల్ ఏరియాలో అల్యూమినియం కిటికీల వర్క్‌షాపు. అక్కడి ఫోర్‌మన్ కురియన్, కొట్టాయం మనిషి. అందరం చేట్టన్, అంటే అన్న, అనేవాళ్ళం. ఈ సేకరణ వాళ్ళు షోకేసుల ఆర్డరు ఇచ్చినప్పుడు ఆయన నన్ను వెంట తీసుకెళ్ళాడు. ఎందుకు నన్నే అంటే, "నీ చేతులు వణకవు, నీ నోరు మాత్రం ఆగదు. ఒకటి ఉపయోగపడుతుంది, ఇంకోటి నేను ఆపుతాను" అన్నాడు.

ఇద్దరం ఆ సేకరణలోనే మౌంట్ల పనికి కుదిరిపోయాం. నా నోరు ఆపడానికి ఆయన పెట్టిన నియమం ఒకటే. గల్ఫ్ హిందీలో చెప్పేవాడు: "పహలే మూహ్ బంద్, ఫిర్ శీషా ఖోల్." ముందు నోరు మూయి, తర్వాత గాజు తలుపు తెరువు. షోకేసు తెరిచి ఉన్నంతసేపూ వస్తువును ఎత్తేవాడు తప్ప ఎవరూ మాట్లాడకూడదు. ఎత్తేవాడు కూడా ఎక్కడినుంచి ఎక్కడికి పెడుతున్నాడో అంతే చెప్పాలి. ఇంకొకడు వస్తువు కింద మెత్తటి ఫోమ్ పట్టుకుని చేతులు చాచి ఉంటాడు. వాడు "ఉన్నాను" అంటేనే పైవాడు ఎత్తుతాడు. అభిప్రాయభేదం ఉన్నా, పై అధికారి చెత్త మాట్లాడినా, తలుపు మూసి తాళం వేసేదాకా వాదన లేదు. చేతిలో గాజు ఉన్నవాడికి కోపం రాకూడదు, నవ్వు అసలే రాకూడదు. నేను పని నేర్పిన ప్రతివాడికీ ఈ నియమాన్నే మొదట చెప్పాను.

ఒక శుక్రవారం నాకు తిక్క పుట్టింది. ఊదుడు గొట్టంతో గాజు ఊదడం ఇంకా ఎవరికీ తెలియని కాలంలో ఆ ఈజిప్టువాళ్ళు సీసా బోలుగా ఎలా చేశారో చేసి చూద్దామనుకున్నాను. పుస్తకాల్లో ఉన్న పద్ధతి ఇది. ఇనుప కడ్డీ కొసకు బంకమట్టి, ఇసుక, పేడ కలిపి సీసా లోపలి ఆకారంలో ముద్ద పెట్టాలి. దాని మీద కరిగిన గాజు చుట్టాలి. పైన రంగు గాజు దారాలు చుట్టి, అవి మెత్తగా ఉండగానే సూదిలాంటి దానితో పైకీ కిందకీ లాగితే ఆ వంకులు వస్తాయి. చల్లారాక లోపలి మట్టిని గీకి తీసేయాలి.

ఖతర్‌లో ఆవు పేడ ఎక్కడ దొరుకుతుంది? నేనూ చేట్టనూ గొర్రెల సంతకు వెళ్ళి, పాకిస్తానీ కాపరిని పేడ అడిగాం. గొర్రెను కొనకుండా పేడ మాత్రం అడిగినవాళ్ళను అతను అంతకుముందు చూసి ఉండడు. ఊరికే ఇచ్చేశాడు, మాకు దూరంగా జరిగి.

నేను చేసిన సీసా కాల్చిన వంకాయలా వచ్చింది. చేట్టన్ దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఫరో చూస్తే నీకూ ఇటుకల పనే ఇస్తాడు" అన్నాడు. ఒక్క సంగతి మాత్రం తెలిసింది. లోపలి మట్టి ఎంత గీకినా పూర్తిగా రాదు. గాజుకు కరుచుకుని బూడిదరంగు పొరలా మిగిలిపోతుంది. అసలు సీసాల్లోనూ అంతే. మూతిలో టార్చి వేసి చూస్తే లోపల ఆ పొర కనిపిస్తుంది. బయటి రంగులు ఎవరైనా కొత్తగా పులమగలరు. లోపలి మట్టి మాత్రం ఆ సీసా పుట్టుమచ్చ. సీసాను ముందునుంచి కాదు, మూతిలోంచి చూడాలని ఆరోజు నాకు అర్థమైంది. అర్థమైందని అనుకున్నాను.

తేలే సీసాలు

చేట్టన్ సొంతూరు వెళ్ళిపోయాక మౌంట్ల పనికి పెద్దగా ఆయన కుర్చీ నాకు వచ్చింది. తర్వాత డాక్టర్ హానీ వచ్చారు. సేకరణ అధిపతి, కైరో మనిషి, బొజ్జ, హాస్యం రెండూ పుష్కలం. సీసాలను "మా అమ్మమ్మ సామాను" అంటారు. సరుకు పగిలితే "మా అమ్మమ్మకు ఏం చెప్పను?" అని కళ్ళు తుడుచుకుంటారు, నిజంగానే. మంచి అధికారి. ఒకటే బలహీనత, డిజైనర్ల మాట వింటారు. డిజైనర్లకు ఒకటే కోరిక ఉంటుంది: వస్తువు గాల్లో తేలుతున్నట్టు కనపడాలి. వాళ్ళ చేత ఒక్కసారి సీసా పట్టించండి, ఆ కోరిక అదే పోతుంది.

కానీ నేనూ ఆ కోరికలో పడ్డాను. సీసా మెడ కింద, రెండు పిడుల కింద, వెంట్రుకంత తీగతో పట్టి నిలబెట్టేవాణ్ణి. నిజంగానే తేలినట్టుండేవి. "రత్నం సీసాలు తేలతాయి" అని పేరొచ్చింది. కొత్తగా వచ్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి: మన పని కనపడకపోవడమే మన గొప్ప. అలాంటి పనిలో బతుకంతా గడిపినవాడికి లోపల ఒక ఆకలి మిగులుతుంది. ఎవరైనా చూడాలి, ఎవరైనా మెచ్చుకోవాలి. రిటైరయ్యాక ఆ ఆకలి ఇంకా పెరుగుతుంది. ఈరోజు పొద్దున నా చేత మాట్లాడించింది అదే.

ఈరోజు పొద్దున

కొత్త ప్రదర్శన తెరవబోతున్నారు. డాక్టర్ హానీ ఫోన్ చేసి, "యల్లా రత్నం, జనం రాకముందు వచ్చి మా అమ్మమ్మను చూడు" అన్నారు. వెళ్ళాను. హాల్లో ఆయన, ఆఫీసు అమ్మాయిలు, లైట్లు బిగించే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. మధ్య షోకేసు తలుపు తెరిచి ఉంది. దాని ముందు రాజేశం.

రాజేశం జగిత్యాల వైపు మనిషి. నలభై దాటాయి. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో అందరికంటే నోరున్నవాడు, అందరికంటే మంచి చేయి ఉన్నవాడు. నేను దిగిపోయాక ఆ కుర్చీ అతనికి ఇవ్వాలా, బయటినుంచి ఇంకెవరినైనా తేవాలా అని ఇంకా తేల్చలేదు. ఈ ప్రదర్శన చూసి చెబుతామన్నారట.

షోకేసులో జానెడు కూడా లేని అత్తరు సీసా. నీలం మీద పసుపు వంకులు, గుండ్రటి అడుగు, తనంతట తాను నిలబడలేదు. దానికి రాజేశం ఇత్తడి గిన్నెలాంటి మౌంట్ చేశాడు. వెడల్పుగా, నీలం రంగు వేసి, సీసా నడుము దాకా తెచ్చాడు. అందమైన వంకులు సగం దాని వెనక దాక్కున్నాయి.

నేను చేతులు వెనక్కి కట్టుకుని చూశాను. ముందునుంచే చూశాను. అన్నాను:

"ఏం రాజేశం, ఫరోగారి సీసాకు నిక్కరు తొడిగావేంటి?"

డాక్టర్ హానీకి కూడా వచ్చిన గల్ఫ్ హిందీలో అన్నాను, అందరికీ అర్థం కావాలని. ఎలక్ట్రీషియన్లు నవ్వారు. ఆఫీసు అమ్మాయిలు నవ్వారు. డాక్టర్ హానీ బొజ్జ ఊగేలా నవ్వారు. రాజేశం నవ్వలేదు, మాట్లాడలేదు. నా వైపు ఒకసారి చూసి, తల తిప్పుకున్నాడు. తప్పు తెలుసుకున్నాడులే అనుకున్నాను.

డాక్టర్ హానీ నవ్వు ఆపుకుని, "రత్నం చెప్పింది నిజం. తీసెయ్. రత్నం చేసినట్టు సన్న తీగ కట్టు. సాయంత్రానికి అయిపోవాలి" అన్నారు. నేను ఎలక్ట్రీషియన్లకు నా పాత సీసాల కథలు రెండు చెప్పి, టీ తాగి, టాక్సీ ఎక్కాను. దారంతా ఈల వేసుకుంటూ వచ్చాను.

అన్నం ముందు

మా ఆవిడకు నిక్కరు జోకు చెప్పాను. ఆమె చారు పోస్తూ, "అందరూ నవ్వారా?" అంది.

"పడీ పడీ నవ్వారు."

"రాజేశం?"

"వాడు నవ్వలేదు."

"మరి నవ్వినోళ్ళ గురించి చెబుతారేంటండీ. వాడి గురించి చెప్పండి."

అప్పుడే ఫోన్ మోగింది. రాజేశమే. ఎంగిలి చేయి, స్పీకర్‌లో పెట్టాను.

"అన్నా, ఒక్కటే అడుగుత. దాని మూతిల టార్చి గొట్టి జూసినవా?"

"లేదురా."

"మరెట్ల నవ్వినవే? లోపల మట్టి ఉన్నది గదా, భుజం దాక వచ్చి గీత గీసినట్టు ఆగిపోయింది. పైన మెడల మట్టి జాడనే లేదు. బొజ్జ ఒకదానిది, మెడ ఇంకోదానిది. ఎవడో ఎన్కట అతికిచ్చిండు. పైన వంకులల్ల అతుకు కనవడదు. గందుకే కిందికెంచి గిన్నె పెట్టిన."

 పాత వస్తువుల వ్యాపారులు చేసే పని ఇది. పగిలిన రెండు సీసాలను ఒకటిగా చేసి మంచి ధరకు అమ్ముతారు. నా తీగ మెడను పట్టుకుంటుంది. బొజ్జ బరువంతా ఆ పాత జిగురు మీద వేలాడుతుంది. షోకేసు లైట్ల వేడికి జిగురు మెత్తబడుతుంది. ఒకరోజు మెడ నా తీగలో ఉంటుంది, బొజ్జ నేల మీద ఉంటుంది.

"అప్పుడే చెప్పొచ్చుగా రాజేశం?"

"పెట్టె తెరిసున్నది గదనే! తెరిసున్నప్పుడు నోరు ఇప్పొద్దని నాకు జెప్పిందెవరు? మా తాతనా? నువ్వు జెప్పిన మాట నేను ఇన్న. నువ్వు ఇన్లే."

నేను కంచం పక్కకు జరిపాను.

"తలుపు పెట్టినంక సార్‌కు చెప్పవోయిన," అన్నాడు. "'ఖలాస్ రాజేశం, రత్నం చెప్పినట్టు చెయ్' అని ఫోన్ల పడ్డడు. గట్టిగ చెప్తె సాకులు దేవులాడుతున్నడంటడు. తీగె కడితే సీసా పోతది. కట్టకుంటే నేను పోత. నీ కుర్చీ నాకు ఇయ్యాల్నా వద్దా అని సూస్తున్నరు గదా, ఇయ్యాల నువ్వే చెప్పేసినవ్ పో."

ఫోన్ పెట్టేశాడు. నేను చేయి కడుక్కుని లేచాను.  మా ఆవిడ కొక్కేనికి ఉన్న నా పాత టార్చి తీసి చేతికిచ్చింది. రిటైరయినా ఆ టార్చి మాత్రం నా వెంటే తిరుగుతోంది. పొద్దున కూడా జేబులో పెట్టుకునే వెళ్ళాను. అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

టాక్సీలో అనుకున్నవి

కొత్తవాళ్ళకు రెండు మాటలు. పెద్దవాళ్ళు మీ పనిని చూసి నవ్వితే, వాళ్ళు దాన్ని ఎక్కడ నిలబడి చూశారో మొదట గమనించండి. నాలాంటివాళ్ళు చాలామంది ముందునుంచే చూస్తారు. మోకాళ్ళ నొప్పులు, వంగి చూడరు. ఇంకోటి, పేరొచ్చిన పద్ధతిని ప్రతి వస్తువుకూ తొడగకండి. నా తీగ కొన్ని సీసాలకు మంచిది. ఈ సీసాకు ఉరితాడు. పద్ధతిని నిర్ణయించేది సీసా. మన పేరు కాదు.

సులువైన దారి కూడా ఒకటి అనుకున్నాను: రాజేశంతో విడిగా ఫోన్లో సారీ చెబితే సరిపోతుంది కదా, హానీగారికి ఒక మెసేజ్ పెడితే అయిపోతుంది కదా అని. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు చాలాసేపు ఆ ఆలోచన తీయగానే ఉంది. కానీ ఎగతాళి పదిమందిలో చేసి, క్షమాపణ చాటుగా చెబితే, అదీ ఇంకో రకం అతుకే. బయటికి కనపడదు, లోపల పట్టు ఉండదు.

మళ్ళీ ఆ హాలు

నేను వెళ్ళేసరికి రాజేశం సీసాను షోకేసులోంచి తీసి, ట్రాలీ మీద ఫోమ్ గుంటలో పడుకోబెట్టి ఉంచాడు. పక్కన సన్న తీగ ఉంది, ఇంకా వంచలేదు. ఎలక్ట్రీషియన్లు, ఆఫీసు అమ్మాయిలు అక్కడే ఉన్నారు. షోకేసు ఖాళీగా ఉంది, తలుపు మూసి ఉంది. అంటే మాట్లాడొచ్చు.

డాక్టర్ హానీని పిలిచి టార్చి ఇచ్చాను. "మూతిలోంచి చూడండి" అన్నాను. ఆయన వంగి చూశారు. చాలాసేపు చూశారు. లేచి, సీసా వైపు, పైకప్పు వైపు చూసి అన్నారు:

"అయితే మా అమ్మమ్మకు రెండో పెళ్ళన్నమాట."

ఎవరూ నవ్వలేదు. ఆయన మొహం ఎర్రబడింది. "రత్నం, ఈ మాట పొద్దున చెప్పడానికి ఏమైంది?"

"పొద్దున నేను చూడలేదు డాక్టర్. చూసింది రాజేశం. ఈ గిన్నె చేసింది అందుకే. చూడకుండానే అందరినీ నవ్వించాను. షోకేసు తెరిచి ఉండగా నవ్వించాను, నేను నేర్పిన నియమం నేనే తప్పి. పొద్దున నవ్వినవాళ్ళంతా ఇక్కడే ఉన్నారు కాబట్టి ఇక్కడే చెబుతున్నాను. అతని మౌంట్ సరైనది. నా మాట తప్పు."

హిందీలోనే చెప్పాను, అందరికీ అర్థం కావాలని. ఒక ఎలక్ట్రీషియన్ స్క్రూడ్రైవర్ వైపు శ్రద్ధగా చూడసాగాడు.  క్షమాపణ అడగడం వంగి పనిచేయడం కంటే కష్టం.

డాక్టర్ హానీ రాజేశం వైపు తిరిగారు. "ఈ మౌంట్‌కు ఈ ఎత్తు చాలుతుందా?"

రాజేశం అందరి ముందూ మొదటిసారి నోరు విప్పాడు. "చాలదు సార్. అతుకు దాక తేవాలె. నిక్కరు కాదు, ప్యాంటే తొడగాలె." ఈసారి నవ్వు వచ్చింది. అది అతనిది, అతనే తెప్పించాడు.

ఇత్తడి అంచును ఇంకో వేలెడు పైకి తేవడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. నేను పక్కన కూర్చుని ఆకురాయితో అంచులు రుద్దాను. ఎలా రుద్దాలో చెప్పాడు. నేను అతనికి నేర్పినట్టే చెప్పాడు, అదే విసుగుతో. అతుకు సంగతి సీసా కింద చీటీ మీద రాయించాలని డాక్టర్ హానీ ఆఫీసు అమ్మాయిలకు చెప్పారు. అతుకు బయటికి కనపడదు కదా, రాయకపోతేనేం అని ఒకామె అంటే, ఆయన, "పెళ్ళి దాచిపెడితే అమ్మమ్మకు కోపం వస్తుంది" అన్నారు.

షోకేసు తలుపు తెరవాల్సిన సమయం వచ్చింది. డాక్టర్ హానీ అలవాటుగా నా వైపు చూసి, "రత్నం, నువ్వు ఎత్తు" అన్నారు.

"ఎత్తేది రాజేశం," అన్నాను. "నేను కింద చేతులు పడతాను."

ఈ పనిలో ఉన్నవాళ్ళకు ఆ మాట అర్థం వివరించనక్కర్లేదు. ఎత్తేవాడు పెద్ద, కింద చేతులు పట్టేవాడు చిన్న. ఎప్పుడూ అంతే.  డాక్టర్ హానీ ఎలక్ట్రీషియన్ల వైపు తిరిగి, "తయ్యిబ్, సరే. రాజేశం చెప్పేదాకా ఎవరూ కదలకండి" అన్నారు. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన ఆ మాట నా పేరుతోనే అనేవారు.

రాజేశం తలుపు తెరిచాడు. నేను ఫోమ్ పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాను. కీళ్ళు చప్పుడు చేశాయి. అతను నా వైపు చూశాడు.

"ట్రాలీ నుంచి నడిమి పెట్టెలకు," అన్నాడు.

"ఉన్నాను," అన్నాను.

సీసా నా అరచేతుల మీదుగా వెళ్ళింది, నీలం, పసుపు, రెండు సీసాల బతుకు ఒక్క సీసాలో. ఇత్తడి గిన్నెలో కూర్చుంది. రాజేశం వేళ్ళు ఒక్కొక్కటిగా వదిలాడు. చేతులు వెనక్కి తీసుకున్నాడు. తలుపు మూశాడు. తాళం తిప్పాడు.

తర్వాత నా చేయి పట్టి లేపాడు.

"పెట్టె మూసినం గదా అన్నా," అన్నాడు. "ఇగ మాట్లాడొచ్చు గదా?"

"మాట్లాడు."

పార్కింగ్ దాకా తిట్టాడు. లిఫ్టులో తిట్టాడు, సెక్యూరిటీ గేటు దగ్గర తిట్టాడు, కారులో కూర్చోబెట్టి అల్ వుకైర్ దాకా తీసుకొచ్చి దారంతా తిట్టాడు. పొద్దుటి సంగతే కాదు, నేను అతనికి పని నేర్పిన రోజుల నాటివి కూడా చాలా బయటికి వచ్చాయి. కొన్నిటికి నా దగ్గర మంచి జవాబులే ఉన్నాయి.

ఒక్కటీ చెప్పలేదు.